మొద్దబ్బాయి యెక్కడ పుట్టును?

పిదప ప్రకాశము జిల్లాలో చేరిన పొదిలి, దర్శి, కనిగిరి మెట్టప్రాంతములు నెల్లూరు జిల్లాలో చేరియున్న కాలమున, అచ్చటి రైతులకు అంతుబట్టని వ్యాధి యొకటి యుండెడిది. వయసులో నున్న ఎద్దు కీళ్లు పట్టి, కాడి మోయలేక కుంటుచుండెడిది. నడివయసు దాటని మనుష్యుని వెన్ను కఱ్ఱవలె బిగిసి, ప్రక్కకు చూడవలెనన్న మొండెమంతయు త్రిప్పవలసి వచ్చుచుండెడిది. పాలపండ్లు రాలిన పిల్లలకు వచ్చు క్రొత్త పండ్లు సుద్దతెలుపు మచ్చలతోను గోధుమవన్నె చారలతోను వెలువడుచుండెడివి. చూచువారికి వ్యాధి స్పష్టముగ మనుష్యుని యొడలిలోనే యున్నది. కావున కారణమును ఒడలిలోనే, కాదేని పూర్వజన్మములోనే, వెదకుట సహజము. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి యను పరిశోధకులు ఈ నెల్లూరు సీమ వ్యాధిని గూర్చి ప్రకటించిన వ్యాసము ఆ వెదకులాటను వేఱొక చోటికి మరల్చెను. దోషము త్రాగునీటిలో కరగిన ఫ్లోరైడులో నుండెను. మన దేశమున ఫ్లోరోసిస్ చరిత్ర ఈ సీమ నూతుల దగ్గఱనే ఆరంభమైనది.

అదే 1937వ సంవత్సరమున, అమెరికాలోని రోడ్ ఐలండు రాష్ట్రమున, నడవడి గాడి తప్పిన పిల్లలకై నెలకొల్పిన బ్రాడ్లీ వైద్యశాలలో చార్లెస్ బ్రాడ్లీ యను వైద్యుడు మఱియొక కారణమున చరిత్రకెక్కెను. మెదడును ఎక్స్‌రేలో చూచుటకై ఆ కాలమున పిల్లల వెన్నులోని ద్రవమును తీసి గాలి నింపుచుండిరి. దాని వలన కలుగు దుర్భరమైన తలనొప్పి తగ్గునను ఆశతో ఆయన బెంజిడ్రిన్ అను ఉత్తేజకమును ఇచ్చి చూచెను. తలనొప్పి మాట యెట్లున్నను, ముప్పదిమంది పిల్లలలో పదునలుగురు బడిపనిలో ఆశ్చర్యకరమైన మార్పును చూపిరి. పిల్లలా మాత్రలకు ‘లెక్కల బిళ్లలు’ అని పేరు పెట్టుకొనిరి. ఒక్క సంవత్సరముననే భూగోళమున నొక మూల పిల్లల పంటిమచ్చకు కారణము నూతిలో దొరకినది. మఱియొక మూల పిల్లల లెక్కల తప్పునకు మందు సీసాలో దొరకినది. ఈ రెండింటి నడుమ నున్న దూరమును కొలుచుటయే నాకిప్పుడు పని.

చదువును గూర్చి తెలుగువారాడు మాటలు విచిత్రమైనవి. చదువు వచ్చును, అబ్బును, వంటబట్టును, తలకెక్కును. వాక్యమున కర్త చదువే గాని బిడ్డ కాదు. రావలసిన చదువు ఏల రాలేదో, దారి బాగులేకనో, బండి దొరకకనో, పంపినవాడు సరిగ పంపకనో యని విచారించుటకు మన వ్యాకరణము కావలసినంత చోటిచ్చినది. మనమా చోటును ఒకనాడును వాడుకొనలేదు. రాలేదని తెలిసిన మఱుక్షణమే మొద్దనియు, శుంఠయనియు, దద్దమ్మయనియు బిడ్డ మీదికి దుముకుదుము. వీథిబడి పంతులకు కోదండము, గోడకుర్చీ, తొడపాశము తెలిసిన చికిత్సలు. ముసలమ్మకు వసకొమ్ము అరగదీసి నాలుకపై రాయుట చికిత్స. తాయెత్తు కట్టువాడు తాయెత్తు కట్టెను. వీరందఱికిని దోషము బిడ్డలోనే యున్నదనుటలో ఏకాభిప్రాయము. న్యాయముగ చెప్పవలెనన్న, గుప్పెడు ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసిన మేనత్త యొక్కతెయే కారణము బయట నెక్కడనో, ఎవరి కంటిలోనో యున్నదని నమ్మినది. గుంటూరు సీమలో మిరపకాయలకు కొదువ లేదు గనుక ఆమె సిద్ధాంతము చాలకాలము నిలిచినది.

వైద్యశాస్త్రము ఈ రంగమున దయతోనే అడుగుపెట్టినదని మొదటనే ఒప్పుకొనవలెను. 1896లో ప్రింగిల్ మోర్గన్ అను ఆంగ్ల వైద్యుడు పర్సీ యను పదునాలుగేండ్ల బాలుని గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసెను. ఆ బాలుడు ఆటలలో చురుకైనవాడు, మాటలో తెలివైనవాడు. చదువంతయు నోటిమాటగనే జరిగినచో బడిలో వీనిని మించినవాడుండడని ఉపాధ్యాయుడే అనుకొనెను. అయినను తన పేరునే అక్షరములు తాఱుమాఱు చేసి వ్రాసికొని, తప్పును గుర్తింపలేకపోయెను. కండ్లు చక్కగ నున్నవి, బుద్ధి చక్కగ నున్నది, అచ్చుమాట మాత్రము లోనికి పోదు. ఇట్టివానిని సోమరియని కొట్టుట అన్యాయమని చెప్పుటకు అప్పుడు ‘పుట్టుకతో వచ్చిన పదాంధత్వము’ అను మాట పనికివచ్చెను. పారిసులో ఆల్ఫ్రెడ్ బీనే 1905లో సిమోన్‌తో కలసి తొలి బుద్ధిమాపకమును తయారుచేసినపుడు ఆయన సంకల్పమును ఇట్టిదే: వెనుకబడిన బిడ్డను పిచ్చాసుపత్రికి తోలక, ప్రత్యేక బోధన వలసినవానిగ గుర్తించుట. ఆ కొలత బిడ్డ నుదుటివ్రాత కాదనియు, బుద్ధి అభ్యాసముచే పెరుగుననియు ఆయనే హెచ్చరించెను. హెచ్చరిక పారిసులోనే ఆగిపోయి, కొలబద్ద మాత్రము ఓడలెక్కి లోకమంతయు తిరిగెను.

మందు చరిత్ర వేఱు. స్విట్జర్లండులో సీబా కంపెనీ రసాయనికుడు లియాండ్రో పనిజోన్ 1944లో మిథైల్‌ఫెనిడేట్ అను పదార్థమును చేసి, భార్య ముద్దుపేరు రీటా కలసివచ్చునట్లు దానిని రిటలిన్ అని పిలిచెను. 1954లో అది విపణికి వచ్చినపుడు అలసటకును మనోవ్యాకులతకును ఉద్దేశింపబడినది. పిదప అది పిల్లల దగ్గఱకు వచ్చెను. పీటర్ కాన్రాడ్ అను సమాజశాస్త్రజ్ఞుడు 1975లో ఈ క్రమమును పరిశీలించి, బిడ్డల దుడుకుతనమునకు వ్యాధినామము స్థిరపడుటకు చాలముందే దానికి మందు సిద్ధమై యుండెనని చూపి, బడిలోని చిక్కు రోగముగ మాఱు ఈ ప్రక్రియను వైద్యీకరణమను పేర చర్చించెను. ఆనాటికి అమెరికా మనోవైద్యుల పట్టికలో ఆ వ్యాధి పేరు అతిచలనమునకు సంబంధించినది. 1980లో ఆ పట్టికను తిరుగవ్రాసినపుడు అది అవధానలోపమయ్యెను.

అవధానమను మాట తెలుగువాని చెవికి మఱియొక విధముగ వినబడును. ఎనమండుగురు పృచ్ఛకులు చుట్టు గూర్చుండి పద్యమడుగువాడు పద్యమడుగుచు, గంట కొట్టువాడు గంట కొట్టుచు, అప్రస్తుతప్రసంగి తుంటరి ప్రశ్నలు వేయుచు నుండగా అన్నిటికిని మనసిచ్చువానికి మనము శాలువ కప్పుదుము. మూడవ తరగతి పిల్లవాడు పంతులు మాటను, కిటికీ బయటి పిట్టను, ప్రక్కవాని జేబులోని గోలీలను ఒక్కసారిగ కనిపెట్టుచున్నచో లోపమందుము. ఇది హాస్యమునకన్న మాట. మంటపైనున్నట్లు ఒక్క నిమిషమైన కూర్చుండలేక, ఆటలో సైతము నిలువలేక, ఇంటను బడిలోను స్నేహములోను నలుగుచున్న పిల్లలు నిజముగ నున్నారు. అట్టివారికి రిటలిన్ నెమ్మదినిచ్చునని పరీక్షలు చూపినవి. 579 మంది పిల్లలతో ఉత్తర అమెరికాలో జరిగి 1999లో వెల్లడియైన పెద్ద పరీక్షలో, పదునాలుగు నెలల చివర మందు క్రమముగ వాడినవారి లక్షణములు ఎక్కువ తగ్గినవి. మూడేండ్లకు చూచినపుడు ఆ తేడా నిలువలేదు. మందు పనిచేసినది గనుక రోగమున్నదనుటయు చెల్లదు. జూడిత్ రాపోపోర్ట్ 1978లో ఏ రోగమును లేని బాలురకు ఈ జాతి ఉత్తేజకమునే ఇచ్చి చూడగా, వారును కుదురుగ కూర్చుండి శ్రద్ధ చూపిరి.

గుంటూరు మందులషాపులో మిథైల్‌ఫెనిడేట్ కోరినవాని కెల్ల అమ్ముడుపోవు సరుకు కాదు. మన చట్టమున షెడ్యూలు ఎక్స్‌లో చేరినది; వైద్యుడు రెండు ప్రతులుగ చీటీ వ్రాయవలెను. మన వైద్యీకరణము తఱచుగ జ్ఞాపకశక్తి టానిక్కు రూపమున, పరీక్షల ముందు మాసములలో వచ్చును.

ఇప్పుడొక చిన్న లెక్క. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఒక సంవత్సరమున పుట్టిన పిల్లలందఱును ఒకే తరగతిలో చేరుదురు. కావున జనవరి బిడ్డ తరగతిలో పెద్ద, డిసెంబరు బిడ్డ పిన్న. 9 లక్షల 37 వేలకు పైబడిన పిల్లల రికార్డులను చూచి 2012లో ప్రకటించిన పరిశోధనలో, డిసెంబరున పుట్టిన మగపిల్లలకు ఈ అవధానలోపపు ముద్ర జనవరివారికంటె 30 శాతము, మందు 41 శాతము ఎక్కువగ పడినట్లు తేలినది. ఆడపిల్లలలో తేడా ఇంకను పెద్దది, 70 శాతము, 77 శాతము. అమెరికాలో సెప్టెంబరు 1 హద్దుగ నున్న రాష్ట్రములలో, హద్దునకు లోపల ఆగస్టులో పుట్టిన పిల్లలకు పదివేలకు 85 మంది చొప్పునను, హద్దు దాటి సెప్టెంబరులో పుట్టి మఱుసటియేడు చేరినవారికి 64 మంది చొప్పునను ముద్ర పడినదని 2018లో వెల్లడియైనది. బడి హద్దుతేదీకి ఏ ప్రక్కన పుట్టిరో దానిని బట్టి మెదడు రోగము వచ్చుట ఏ శాస్త్రమునకును సమ్మతము కాదు. పదకొండు నెలల పసితనమును పెద్దవాని ప్రక్కన కూర్చుండబెట్టి చూచినపుడు అది రోగమువలె కనబడినదని మాత్రమే దీని యర్థము.

మన సీమలో ఇట్టి లెక్క కట్టుట కష్టము, ఏలయనగా పుట్టినతేదీయే మనకు సాహిత్యప్రక్రియ. ఐదేండ్లు నిండిన బిడ్డను ఒకటవ తరగతిలో చేర్చుకొనుట చిరకాలపు ఆచారము. నిండనివానికి తండ్రి నోటిమాటతో నిండును. మా తరమువారిలో సగముమంది జూన్ జూలై మాసములందే పుట్టినట్లు రికార్డులు చెప్పును. బడులు తెఱచు మాసము లవే గదా! ‘ఏడాది వృథా పోవును’ అని నాలుగున్నరయేండ్ల వానిని తోసిన తండ్రియే, నాలుగేండ్ల పిదప, ‘వీడికి కుదురు లేదండీ’ యని వాపోవును. వాడు పోగొట్టుకొన్న యేడాదిని ఎవరును లెక్కింపరు.

అసర్ సర్వేవారు పల్లెల పిల్లల చేతికి రెండవ తరగతి స్థాయి వాచకమును, కొన్ని సులభవాక్యములను, ఇచ్చి చదువుమందురు. ఆంధ్రప్రదేశమున మూడవ తరగతి పిల్లలలో దానిని చదువగలిగినవారు 2018లో 22.6 శాతము, బడులు మూతపడిన కరోనా కాలము గడచిన పిదప, 2022లో, 10.3 శాతము. నూటికి దాదాపు తొంబదిమంది చదువలేనపుడు ఆ తొంబదిమంది మెదళ్లలోను పుట్టుకతో వచ్చిన లోపమున్నదనువాడు, కనిగిరి ఎద్దులన్నియు పుట్టుకుంటివే యన్నవానికి తోబుట్టువు. నిజమైన పదాంధత్వము గల బిడ్డ ఈ తొంబదిమంది గుంపులో నెక్కడనో కూర్చున్నాడు. గుంపు పలుచబడిన దాక వాడు కంటబడడు. వైద్యీకరణమును గూర్చి నాకున్న ఫిర్యాదులలో ఇది పెద్దది: అది రోగము లేనివానికి పేరు పెట్టుటయే గాక, రోగమున్నవానిని దాచును.

మన లిపి సంగతియును ఆలోచింపవలెను. ఆంగ్లమున ఇరువదియాఱు అక్షరములు. తెలుగున ఏబదికి పైబడిన వర్ణమాల, దానిపై గుణింతములు, వానిపై వత్తులు, అన్నియు కలసి వందల రూపములు. మన లిపికి కవలయైన కన్నడమును పిల్లలెట్లు నేర్తురో పరిశీలించిన సొనాలీ నాగ్, నాలుగవ తరగతి నాటికిని అక్షరరూపములను నేర్చుకొనుట పూర్తికాదనియు, అది రోగము గాక లిపి స్వభావమనియు చూపెను. ఒకటవ తరగతి చివరికే చదువు రావలెనను కొలత ఇరువదియాఱక్షరముల దేశమున పుట్టినది. మన పిల్లవాడు ‘మ’కును ‘య’కును, ‘ప’కును ‘ష’కును తికమకపడుటయు, ఇంట ఎన్నడును పలుకని మహాప్రాణమును వ్రాతలో వదలుటయు, వత్తును ఎగురగొట్టుటయు, ఆ కొలతపట్టుకొని చూచువానికి వ్యాధిలక్షణములుగ కనబడును.

ఇంటిమాట వేఱు, పుస్తకపుమాట వేఱు కారాదని గిడుగు రామమూర్తిగారు జీవితమంతయు పోరాడిరి. ఈ అధ్యాయమును నేను వ్రాయుచున్న భాషను చూచినచో ఆయన నవ్వి, మొదట నన్నే వైద్యుని దగ్గఱకు పంపియుందురు. ఆయన పోరు తెలుగుకు తెలుగుకు నడుమ. నేటి పోరు తెలుగుకు ఆంగ్లమునకు నడుమ. 2019 నవంబరులో రాష్ట్రప్రభుత్వము 85వ నంబరు ఉత్తర్వుతో ఒకటి నుండి ఆఱు తరగతులను ఆంగ్లమాధ్యమమునకు మార్చనెంచగా, 2020 ఏప్రిల్ 15న హైకోర్టు దానిని కొట్టివేసినది. తల్లిదండ్రుల కోరిక మాత్రము కోర్టుతీర్పుతో పోలేదు. నేనును దానిని తప్పుపట్టను. అర్థము కాని భాషలో గంటలకొలది కూర్చున్న ఏడేండ్లవాడు దిక్కులు చూచినచో, ఆ చూపునకు అవధానలోపమని పేరు పెట్టుటను మాత్రము తప్పుపట్టుదును. మాచర్ల వైపు సుగాలి తండాల బిడ్డకు తెలుగు సైతము రెండవ భాషయే.

ఇక చేల దగ్గఱకు వత్తము. సంక్రాంతి దాటినది మొదలు వేసవి దాక ఫిరంగిపురము, మేడికొండూరు, సత్తెనపల్లి చుట్టుప్రక్కల కళ్లములన్నియు ఎఱ్ఱబాఱును. పండు కోయుటకు ఊరి కూలీలు చాలరు; కర్నూలు జిల్లా పడమటి మూల కోసిగి, ఆదోని ప్రాంతములనుండి కుటుంబములు మూటముల్లెలతో లారీలెక్కి పత్తితీతకు, మిరపకోతకు గుంటూరు సీమకు వచ్చును. వారివెంట బిడ్డలును వత్తురు. వలసపోవువారి పిల్లలకై ఊళ్లలోనే సీజనల్ హాస్టళ్లు పెట్టిరి గాని, తల్లిని విడిచి ఉండలేని పసివాడు, చంటిబిడ్డను చూచుకొనవలసిన ఎనిమిదేండ్ల పిల్ల చేనికే వచ్చును. ఇచ్చటి కూలీల పిల్లలును కోతలనాడు బడి మానుదురు. తరగతిలో గుణింతము ముగిసి వత్తులు మొదలగు కాలమే కోతకాలము. తిరిగివచ్చిన పిల్లకు నల్లబల్లపై నున్నది చదువరాదు. మధ్యలో రెండున్నర నెలలు లేవని రిజిస్టరుకు తెలియును, పరీక్షకాగితమునకు తెలియదు.

తెలుగున మందనగా ఔషధము, పురుగులమందు, తుపాకిమందు, సారాయి. ఈ నల్లరేగడిలో మందు కొట్టినాడనగా రెండవ యర్థమే. 1987–88లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టినపుడు, సింథటిక్ పైరిత్రాయిడ్లను కొట్టికొట్టి దోమను మఱింత పెంచుకొని అప్పులపాలై, ప్రకాశము గుంటూరు రైతులు ఆ మందే త్రాగి ప్రాణములు తీసికొనిరి. ఆ మందులు త్రాగనివారిని సైతము తాకుచునే యున్నవి. మెక్సికోలోని యాకీ లోయలో ఎలిజబెత్ గిల్లెట్ నాలుగైదేండ్ల పిల్లల చేత మనిషిబొమ్మ గీయించి 1998లో ప్రకటించిన వ్యాసమును చూచినవారు మఱువలేరు: మందులు కొట్టని కొండపల్లెల బిడ్డల బొమ్మలకు తలయు చేతులు కాళ్లు నున్నవి, లోయ బిడ్డల బొమ్మలలో పెక్కు అర్థము లేని గీతలు. కాలిఫోర్నియాలోని సాలినాస్ లోయలో గర్భిణులగు కూలితల్లుల మూత్రమున ఆర్గానోఫాస్ఫేటు మందుల అవశేషములు కొలిచి, పిల్లలకు ఏడేండ్లు వచ్చిన పిదప పరీక్షించిన బర్కిలీ బృందము, అవశేషములు మిక్కిలిగా నున్న ఐదవవంతు తల్లుల పిల్లలకు, అతి తక్కువగా నున్నవారి పిల్లలకంటె బుద్ధిమాపకమున సగటున 7 పాయింట్లు తక్కువ వచ్చినవని 2011లో చెప్పెను. ఇవి గుంపులకు చెందిన సగటులు. వీనిని పట్టుకొని ఒక్క బిడ్డను చూపి ‘వీని చదువు మోనోక్రోటోఫాసు తినివేసినది’ అనుట అశాస్త్రీయము. కాని ఆ బిడ్డ మెదడును శంకించుటకు ముందు, తల్లి కడుపుతో నున్నపుడు ఏ చేనిలో పనిచేసినదని అడుగుటయైన శాస్త్రధర్మము గదా?

రక్తమును గూర్చి పెద్ద చర్చ అక్కఱలేదు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే లెక్కకు మన రాష్ట్రమున ఐదేండ్లలోపు పిల్లలలో 63.2 శాతము రక్తహీనులు. మెదడులో శ్రద్ధను నిలుపు డోపమీన్ తయారగుటకు ఇనుము కావలెను. కోస్టారికాలో శైశవమున ఇనుము బాగుగ తగ్గిన పిల్లలు, పిదప రక్తము సరియైనను, ఐదవయేట పరీక్షలలో వెనుకబడియుండుటను బెట్సీ లోజోఫ్ 1991లో చూపెను. చెవిలో చీము కారు బిడ్డకు పంతులు మాట సగమే వినబడును. 2019 అక్టోబరు 10న అనంతపురమున మొదలైన కంటివెలుగు పథకము మొదట బడిపిల్లల కండ్లనే పరీక్షించినది. 2013లో కేంద్రము పిల్లల ఆరోగ్యపరీక్షకై 30 అవస్థల పట్టిక వేసినపుడు, తీవ్ర రక్తహీనత, చెవి చీము, చూపు లోపములతోపాటు అభ్యసనలోపమును అవధానలోపమును అదే కాగితముపై చేర్చెను. ఆ కాగితమును పైనుండి క్రిందికి చదువుట మంచిది. పట్టణమున మనము క్రిందినుండి పైకి చదువుచున్నాము.

మిరపయార్డులో టిక్కీలు, అనగా మిరపబస్తాలు, దించు కూలివాని కొడుకు, బడిలో ఎక్కముల దగ్గఱ చావుదెబ్బలు తిన్నవాడు, తండ్రి ప్రక్కన నిలుచుండి ఇన్ని టిక్కీలకు ఇంత కూలి, ముఠాలో ఇందఱికి పంచగా తలకింతయని చెప్పుటను ఈ సీమవారు చూచియే యుందురు. బ్రెజిల్‌లోని రెసీఫె నగరమున వీథిలో కొబ్బరికాయలు మొదలగునవి అమ్ము పిల్లలపై 1985లో వెలువడిన చిన్న పరిశోధన దీనికి శాస్త్రరూపమిచ్చినది: బేరములో అడిగిన లెక్కలు నూటికి 98 ఒప్పు, అవే లెక్కలను బడికాగితముపై వ్రాసియిచ్చినపుడు ఒప్పులు 37 మాత్రమే. అదే తల, అవే అంకెలు. లెక్కలు రాని రోగము కాగితమునకు పట్టినదో, పిల్లవానికి పట్టినదో చెప్పుడు.

ఇంతవఱకు చదివినవారు, నేను పర్సీవంటి బిడ్డల ఉనికినే కాదందునేమో యని శంకింపవచ్చును. కాదనను. అన్నియు సరిగ నుండి, మంచి పంతులు ఓపికతో చెప్పినను, అచ్చుమాట లోనికి పోని బిడ్డలు కొందఱు ప్రతి యూరను నున్నారు. వారికి పేరు దొరకుట వరము. 1995 చట్టమున ఏడు వైకల్యములే యుండగా, 2016 చట్టము వానిని ఇరువదియొక్కటి చేసి వానిలో నిర్దిష్ట అభ్యసనవైకల్యమునకు చోటిచ్చినది. 2018 నియమములు ఎనిమిదేండ్లు నిండక సర్టిఫికెట్టు ఇయ్యరాదనియు, పదునాలుగవయేట, పదునెనిమిదవయేట మరల పరీక్షింపవలెననియు విధించినవి. బీనే హెచ్చరిక నూఱేండ్లకు పైగా ఆలస్యముగనైన ఒక గెజెట్టు చేరినది. అయితే ఆ సర్టిఫికెట్టు ఎవరికి చేరునో చూడుడు. గుంటూరు కొత్తపేట ఆసుపత్రుల వీథికి నడచిపోగల ఇంటిబిడ్డకు ముద్ర ఎనిమిదికి ముందే సిద్ధము, పరీక్షలో అదనపు సమయమును సిద్ధము. కనిగిరి మెట్టలో నిజముగ పదాంధుడైన బిడ్డ మొద్దను బిరుదుతో ఏడవ తరగతిలో బడి మాని పశువుల వెంట పోవును. ఒకే చిక్కు డబ్బున్నచోట రోగము, లేనిచోట సోమరితనము. పైగా పర్సీకి పనికివచ్చునది మాత్ర కాదు. అక్షరమును, ధ్వనిని విడదీసి, కలిపి, మరల మరల చూపు ఓపికగల బోధన. ఆ బోధన మిగిలిన తొంబదిమందికి పనికిరాదా?

ఒక భాద్రపదమున గుంటూరులో వైద్యమిత్రుని గదిలో కూర్చుండి యుంటిని. దర్శి ప్రాంతపు తల్లి యొకతె ఎనిమిదేండ్ల కొడుకును ముందుకు తోసి, “సారూ, వీడి బుర్ర పంజెయ్యడానికి ఏదన్నా మంచి మందు రాయండి. మూడో తరగతి, ఒక్క ముక్క రాదు. మొద్దు నాయాలు” అనెను.

“బళ్లో ఏ బెంచీమీద కూర్చుంటాడమ్మా?”

“ఎనక బెంచీలో సారూ. అల్లరి జేస్తన్నాడని అయివోరు ఎనక్కి పంపిచ్చాడంట.”

“మిరపకోతలకు పోయినప్పుడు వీణ్ణి ఎవరి దగ్గర వదిలిపెట్టావు?”

“ఎవురి దగ్గర వదులుద్దును? మాతోనే తోలకపోయినాం. సంకురాత్రి ఎల్లినాక పోతిమి, ఉగాదికి తిరిగొస్తిమి.”

వైద్యుడు పిల్లవాని క్రిందిరెప్పను బొటనవ్రేలితో లాగి చూచెను. లోపల పాలిపోయి యున్నది. గోడమీది క్యాలెండరును చూపి ఇవాళ తేదీ చెప్పుమనెను. పిల్లవాడు కండ్లు చికిలించి, తలవంచుకొనెను. “దగ్గరికి పోయి చెప్పరా అబ్బాయ్” అనగా నాలుగడుగులు వేసి, గోడకు ముక్కు ఆనునంత దగ్గఱగా నిలుచుండి, అంకెలను గడగడ చదివెను. వానిక్రింద ఎఱ్ఱసిరాతో అచ్చువేసిన ‘మహాలయ’ దగ్గఱ మాత్రము, చివరిది ‘మ’యో ‘య’యో తేల్చుకొనలేక ఆగెను.

వైద్యుడు చీటీమీద కంటిపరీక్షయు రక్తపరీక్షయు వ్రాసి, వెనుకవైపున బడిపంతులుగారికి నాలుగు పంక్తుల ఉత్తరము వ్రాసియిచ్చెను. ఆమె చీటీని ఇటు త్రిప్పి అటు త్రిప్పి చూచి, “మరి మందు రాయలా సారూ?” అనెను.